అతికిన తాడు

గోపాలప్పకు ఒక ఆలోచన వచ్చిందంటే అది అతనితో పాటు అన్నం తింటుంది, అతనితో పాటు పడుకుంటుంది, తెల్లారి అతనికంటే ముందే లేచి కూర్చుంటుంది. తొంభై తొమ్మిదిలో అలా వచ్చి కూర్చున్నది లారీల ఆలోచన. దొడ్డబళ్ళాపురంలో అతనికి నాలుగు మరమగ్గాలుండేవి. వాటి విడిభాగాల కోసం నెలకు రెండుసార్లు పీణ్య పారిశ్రామికవాడకు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా తుమకూరు రోడ్డు పక్కన బారులు తీరిన లారీలు చూసేవాడు. వాటి కింద, వాటి మీద, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి పడుకున్న డ్రైవర్లను చూసేవాడు. కన్ను మూస్తే ట్యాంకులో డీజిల్ ఉండదు, స్టెప్నీ టైరు ఉండదు, టార్పాలిన్ కోసుకుని లోడులో సగం పోతుంది. గోపాలప్ప తండ్రి వదిలిపోయిన ఎకరం పీణ్య దాటాక అదే రోడ్డు మీద ఉంది. రాగులు వేస్తే విత్తనాలు తిరిగి వచ్చేవి, అంతకు మించి ఏమీ వచ్చేది కాదు. ఆ ఎకరం చుట్టూ గోడ కట్టి, గోడ మీద గాజుపెంకులు పొదిగి, నాలుగు మూలలా దీపాలు పెట్టి, ఒకే ఒక గేటు పెడితే, హాయిగా నిద్రపోవడానికి డ్రైవరు డబ్బివ్వడా అన్నది అతని ఆలోచన.

మగ్గాలు అమ్మేశాడు. గోడ లేచింది. గేటు పక్కన రెండు గదుల ఇల్లు లేచింది. అతని భార్య సుశీల, పదేళ్ళ కూతురు శ్రుతి కట్టుబట్టలతో కాకపోయినా దాదాపు అలాగే వచ్చి అందులో దిగారు.

సుశీల పదో ఏట మగ్గం దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్ళు దాని రొదలోనే మాట్లాడింది, దాని రొదలోనే నిద్రపోయింది. "నా చేతులకు తెలిసిన పని అదొక్కటే కదా" అంది మొగుడితో, మగ్గాలు పోతున్న రోజున.

"ఈడ చేతులకు పనే లేదు సుశీలా. చెయ్యి పెట్టకుండా ఉండేదే ఈడ పని. లారీ ఎట్ల వచ్చిందో అట్ల పోవల్ల. నువ్వు గానీ నేను గానీ దాని మీద చెయ్యి పెట్టకూడదు, తెలిసిందా?"

తెలిసిందని తల ఊపింది. పని చెయ్యకపోవడమే పని అయిన వ్యాపారం ఆమె అప్పటిదాకా వినలేదు.

రెండు నెలలు గడిచినా లారీలు రాలేదు. వచ్చినవి పది పన్నెండు, అవీ దారి తప్పినట్టు వచ్చాయి. డ్రైవర్లకు గోడను చూస్తేనే అనుమానం. రోడ్డు మీద దోచుకుంటే పది మంది చూస్తారు, గోడ లోపల దోచుకుంటే ఎవరు చూస్తారు? గోపాలప్ప గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పోయే ప్రతి లారీకి దండం పెట్టినంత పని చేసేవాడు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే ఎకరమూ అమ్ముకోవలసిందేనని అతను అనలేదు, సుశీల అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

అప్పుడు వచ్చాడు మునిస్వామి.

చిత్తూరు వైపు మనిషి. ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. ఆ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లకు అతని మాటంటే మాట. అతను ఒక చోట టీ బాగుందంటే మర్నాటికి అక్కడ పది లారీలు ఆగుతాయి, బాగాలేదంటే ఆ కొట్టువాడు ఇంకో వ్యాపారం చూసుకోవలసిందే. పీణ్యలో పంపు మోటార్లు లోడు చేసుకుని నాగపూరు బయలుదేరిన వాడికి పలమనేరు నుంచి కబురొచ్చింది, కూతురికి కాన్పు కష్టంగా ఉందని. లోడు లారీని రోడ్డు మీద వదిలి పోలేడు, పోకుండా ఉండలేడు. గోడ చుట్టూ ఒకసారి నడిచాడు. గేటు తాళం లాగి చూశాడు. చివరికి గోపాలప్ప మొహంలోకి చూశాడు.

"నీ మాట నమ్మి పోతాండానప్పా. మూడు దినాలకు వస్తా."

"నువ్వెట్ల పెట్టి పోతావో అట్లే ఉంటాది అన్నా. చెయ్యి కూడా పెట్టం."

మునిస్వామి పోయేముందు లారీ చుట్టూ తిరిగి టార్పాలిన్ కట్టిన తాళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో తడిమాడు. గుడిలో ప్రదక్షిణ చేస్తున్నట్టుంది అనుకుంది సుశీల, గుమ్మంలో నిలబడి చూస్తూ. అంతకు మించి దాని సంగతి ఆలోచించలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకు గాలివాన వచ్చింది. గోపాలప్ప బల్బుల కోసం నెలమంగల పోయాడు. శ్రుతి బడిలో ఉంది. లోపల ఉన్నది మునిస్వామి లారీ ఒక్కటే. ముందు దుమ్ము లేచింది, తరవాత వడగళ్ళు పడ్డాయి. వాటి చప్పుడులో ఇంకేదో పట్టుమని తెగిన చప్పుడు వినిపించింది. సుశీల బయటికి చూసింది. లారీ వెనక, ఎడమ మూలన తాడు తెగిపోయింది. టార్పాలిన్ లేచి లేచి కొట్టుకుంటోంది. దాని కింద అట్టపెట్టెలు కనబడుతున్నాయి, వాటి మీదికి వాన కొడుతోంది.

చెయ్యి పెట్టకూడదని ఆమెకు గుర్తుంది. గుర్తుండే రెండు నిమిషాలు గుమ్మం పట్టుకుని నిలబడింది. కానీ తెగిన పోగు కళ్ళముందు కనబడుతుంటే నేతవాళ్ళ ఇంటి ఆడది ఎంతసేపని నిలబడుతుంది? పరుగెత్తింది. బంపరు మీదికి ఎక్కి, తెగిన రెండు కొసలూ పట్టి, ఒక్క లాగు లాగి ముడివేసి అతికేసింది. తెగిన పోగును ఎలా అతుకుతారో అలాగే, చూడకుండా, వేళ్ళతో. తరవాత ఇంట్లోకి పోయి చాకు తెచ్చింది. ముడి బయట పీచులు పీచులుగా వేలాడుతున్న కొసలను పొట్టిగా, శుభ్రంగా కోసేసింది. మగ్గం మీద కొసలు వదిలితే బట్టలో ముడత వస్తుంది, అది ముప్పై ఏళ్ళ అలవాటు. కోసిన పీచును తెచ్చి నీళ్ళ పొయ్యిలో పడేసింది. చీర అంచు పిండుకుంటూ లారీ వైపు చూసుకుంది. మగ్గాలు పోయిన తరవాత ఆమెకు మనసు నిండింది ఆ రోజే.

సాయంత్రం గోపాలప్ప బల్బులతో, వానకు పట్టిన జలుబుతో వచ్చాడు. చెబితే ఊరికే అరుస్తాడు, రేపు చెప్దాంలే అనుకుంది.

రేపు తెల్లారింది. కోలారు డ్రైవరు అంజినప్ప పొద్దున్నే ఖాళీ లారీ తెచ్చి పెట్టాడు. మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. సుశీల ఇచ్చిన టీ తాగుతూ గుమ్మం ముందు గొంతు కూర్చున్నాడు.

"బొమ్మసంద్ర తట్టు మొన్న జరిగింది తెలుసా అక్కా? ఇట్లే ఖాళీ జాగాలో లారీలు పెట్టించుకునే ఆయప్ప ఒకడు. పొద్దున డ్రైవరు వచ్చి చూస్తే తాడు అతికి ఉండాది. అంతే. పదిమందీ పడి కొట్టినారు. కుడిచెయ్యి రెండు చోట్ల ఇరిగింది."

"తాడు అతికి ఉంటే ఏమి?" అంది సుశీల.

"డ్రైవరు ఎవుడూ తాడు అతకడు అక్కా. తెగితే తీసి పారేసి కొత్తది కడతాడు. అతికినారంటే దొంగ చాకుతో కోసి, లోపలి సరుకు లాగి, మళ్ళా కట్టినాడని. కొసలు చూస్తే తెలిసిపోతాది కదా. దానంతట అది తెగితే పీచు ఉంటాది. కోస్తే నున్నగా ఉంటాది." టీ చివరి గుక్క తాగి అన్నాడు, "మునిస్వామన్న అయితే చూడనే అక్కరలేదు. తడిమితే చాలు. ఆయన ముడి ఆయనకు తెలుసు."

ప్రదక్షిణ ఏమిటో సుశీలకు అప్పుడు అర్థమైంది.

అంజినప్ప పీణ్యకు లోడు చూసుకోవడానికి పోగానే లారీ దగ్గరికి పోయింది. జనపతాడు తడిసి ఆరి ముడి గట్టిగా బిగిసిపోయింది. కొసలు తానే పొట్టిగా కోసింది, పట్టుకుని లాగడానికి ఏమీ మిగల్లేదు. గోరు పెట్టింది, గోరు విరిగింది. పళ్ళతో లాగింది. ముడి చెక్కుచెదరలేదు. కోసేస్తే? అప్పుడు నున్నటి కొసలు రెండు కాదు, నాలుగవుతాయి. నీళ్ళ పొయ్యి దగ్గరికి పోయి బూడిద కెలికింది, ఒక్క పీచైనా మిగిలిందేమోనని. బూడిదే మిగిలింది. ఎవరైనా ఆమెను దొంగను చెయ్యాలని కూర్చుని పథకం వేసినా ఇంత బాగా కుదిరేది కాదు.

మధ్యాహ్నం గోపాలప్ప టెలిఫోను బూత్ నుంచి దాదాపు ఎగురుతూ వచ్చాడు.

"మునిస్వామన్న ఫోను చేసినాడు. కూతురికి మగపిల్లోడంట. తల్లీబిడ్డా బాగుండారు. రేప్పొద్దున వస్తాడంట. ఒంటిగా కాదు, ఆయన జతలోని డ్రైవర్లను పిలచుకుని వస్తాడంట, మన జాగా చూపిచ్చేకి. ఆయన సరే అన్నాడంటే ఇరవై లారీలు మన గోడ లోపలే సుశీలా."

సుశీల అన్నం వడ్డిస్తోంది. "ఒక మాట..." అంది.

"ఏమి?"

అతని మొహం చూసింది. ఆ మొహం మీద ఏదీ దాగదు, పెళ్ళినాటి నుంచి అంతే. ఇప్పుడు చెబితే రేపు మునిస్వామి గేటు దాటకముందే ఆ మొహం మీద భయం కనబడుతుంది. భయపడే కాపలాదారును చూస్తే దొంగ అనుకోక ఏమనుకుంటారు? తెలియకపోతేనే అతను ధైర్యంగా నిలబడతాడు. ఒకవేళ మునిస్వామి గమనించకపోతే అంతా గడిచిపోతుంది. ఆమె లెక్క తప్పని ఆమెకూ లోపల తెలుసు, కానీ భయపడే మనిషి లెక్కలు ఎప్పుడూ భయం వైపే తేలతాయి.

"ఇంకొంచెం చారు పోసుకో" అంది.

ఆ రాత్రి నిద్ర సంగతి చెప్పనక్కరలేదు. గోపాలప్ప మాత్రం గురక పెట్టాడు. సుశీల అతని కుడిచెయ్యి వైపు చూస్తూ పడుకుంది.

పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చారు. మునిస్వామి, అతని వెనక నలుగురు డ్రైవర్లు, వాళ్ళతో అంజినప్ప. మునిస్వామి చేతిలో మిఠాయి పొట్లం ఉంది. శ్రుతి బడికి తయారై జడలు వేయించుకుంటోంది. సుశీల చేతిలో రిబ్బను ఆగిపోయింది.

మునిస్వామి పొట్లం గోపాలప్ప చేతికిచ్చి లారీ దగ్గరికి పోయాడు. కుడివైపు ముందు మూల నుంచి మొదలుపెట్టాడు. ఒక తాడు తడిమాడు. రెండోది. మూడోది. వెనక కుడిమూల. వెనక ఎడమమూల దగ్గర అతని చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ తడిమింది. అప్పుడు వంగి చూశాడు.

"గోపాలప్పా" అన్నాడు మెల్లగా, "ఇది ఎవురు కట్టింది?"

"ఏది అన్నా?"

నలుగురూ చుట్టూ చేరారు. ఎవరో కొసను వేలితో ఎత్తి చూపించారు. "చాకుతో కోసినారు" అన్నాడు ఒకడు. అంజినప్ప సుశీల వైపు చూడకుండా నేల చూశాడు. ఇంకొకడు నిదానంగా పోయి గేటు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. గోపాలప్ప కట్టించిన ఒకే ఒక గేటు అది.

"నాకు తెలీదన్నా" అన్నాడు గోపాలప్ప. అతనికి నిజంగా తెలియదు. "చీమ కూడా లోపలికి రాలేదు. నేను చెయ్యి పెట్టలేదు, పెట్టనియ్యలేదు."

"అయితే తాడు దానంతట అది కోసుకుని దానంతట అది కట్టుకుందా?" పొడుగాటి డ్రైవరు ఒకడు అతని చొక్కా భుజం దగ్గర పట్టుకున్నాడు. ఇంకా కొట్టలేదు. పట్టుకున్నాడంతే.

గోపాలప్ప మొహం ఎర్రబడింది. "నాకున్నది ఒకటే బిడ్డ అన్నా. దాని తల మీద చెయ్యి పెట్టి ఆన చేస్తా. ఈ లారీ మీద నా ఇంటి చెయ్యి పడింటే... శ్రుతీ, ఇట్ల రామ్మా."

శ్రుతి ఒక జడ వేసి ఒక జడ విప్పి ఉన్న తలతో తండ్రి వైపు నడిచింది. గోపాలప్ప చెయ్యి లేచింది. నా ఇంటి చెయ్యి అన్నాడు. ఆ మాట అబద్ధమని ఆ ఆవరణలో తెలిసిన మనిషి సుశీల ఒక్కతే. ఆ చెయ్యి పిల్ల తల మీద పడితే ఏమవుతుందో ఆమె ఆలోచించలేదు, ఆలోచించడానికి కూడా భయపడింది. పోయి పిల్లను లాక్కుని తన కడుపుకు అదుముకుంది.

"ఆన వద్దు. నేనే కట్టినా."

అంతా ఆమె వైపు తిరిగారు. గోపాలప్ప చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"గాలివానకు తెగింది. పెట్టెలు తడస్తాయని అతికినా. కొసలు నేనే కోసినా, మాకు అలవాటు. పీచు పొయ్యిలో ఏసినా." చెబుతుంటే ఆమెకే అది కట్టుకథలా వినిపించింది.

"మొగుణ్ణి తప్పిచ్చేకి చెప్తాంది" అన్నాడు పొడుగాటివాడు. "ఆడదాన్ని కొట్టరని తెలుసు కదా."

మునిస్వామి క్యాబినులోకి ఎక్కి మూరెడు పాత తాడు తెచ్చి, చాకుతో మధ్యకు కోసి, రెండు ముక్కలూ ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే కట్టింటే ఇది కట్టి చూపించమ్మా. ఇట్లాంటి ముడి నేను ముప్పై ఏండ్లలో యాడా చూడలేదు."

సుశీల తాడు తీసుకుంది. పదో ఏట నుంచి లక్షసార్లు వేసిన ముడి. ఒక కొసను మడిచింది, రెండోదాన్ని తిప్పింది, లాగింది. ఊడిపోయింది. మళ్ళీ వేసింది. ఎటు తిప్పాలి, లోపలికా బయటికా? ఎప్పుడూ ఆ ప్రశ్న రాలేదు. వేళ్ళు ఎవరి వేళ్ళో అన్నట్టున్నాయి. మళ్ళీ ఊడిపోయింది. ఎవరో ముక్కుతో నవ్వారు. చొక్కా పట్టుకున్న చెయ్యి ఇంకాస్త బిగిసింది. అయిపోయింది, తన చేతులే తన మొగుడి చెయ్యి విరగ్గొడుతున్నాయి అనుకుంది.

"సుశీలా." గోపాలప్ప గొంతు అది. మెడ పక్కకు వంగి ఉన్నా మాట మెత్తగా వచ్చింది. "తాడును చూడొద్దు. మగ్గం నడస్తాంది అనుకో. యాడైనా చూడు, దాన్ని మాత్రం చూడొద్దు."

ఆమె తల ఎత్తింది. గోడ మీది గాజుపెంకుల వైపు చూసింది. రోడ్డు మీద ఏదో పెద్ద లారీ ఎత్తు ఎక్కలేక రొద చేస్తూ పోతోంది. ఆ రొద వింటూ నిలబడింది. కింద చేతుల్లో ఏదో కదిలింది, బిగిసింది, అయిపోయింది. కుడిచెయ్యి దానంతట అదే పక్కకు చాచుకుంది, వేళ్ళు దేన్నో వెతికాయి.

"ఏం కావల్ల?" అన్నాడు మునిస్వామి.

"చాకు" అంది సుశీల, ఇంకా గోడ వైపే చూస్తూ. "కొసలు కోసేకి."

మునిస్వామి ఆమె చేతిలోని ముడిని తీసుకుని లారీ ముడి పక్కన పెట్టాడు. బొటనవేలితో ఒకదాన్ని తడిమాడు, తరవాత ఇంకోదాన్ని. పొడుగాటివాడి వైపు తిరిగి చెయ్యి తియ్యమన్నట్టు తల ఊపాడు.

"ముడి ఆయమ్మదే. లోపలి సంగతి చూడల్ల" అని బంపరు ఎక్కి టార్పాలిన్ కిందికి దూరాడు.

సుశీలకు కొత్త భయం పట్టుకుంది. నిన్న ఎవరైనా గోడ దూకి ఉంటే? తను స్నానానికి పోయినప్పుడు, గోపాలప్ప ఫోనుకు పోయినప్పుడు? ఒక్క పెట్టె తగ్గినా అది ఆమె ముడి కిందనుంచే పోయినట్టు. లోపలి నుంచి పెట్టెలు జరిపే చప్పుడు, మధ్య మధ్య అంకెలు వినిపిస్తున్నాయి. పదకొండు. పన్నెండు. పదమూడు దగ్గర చాలాసేపు ఆగింది. శ్రుతి "నొప్పి పుడతాందమ్మా" అంది, తల్లి పట్టు అంత గట్టిగా ఉంది.

మునిస్వామి బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"వెనక వరస పద్దెనిమిది. పద్దెనిమిదీ ఉండాయి. అట్టలు పైపైన తడిసి ఆరినాయంతే, సరుకు బాగుండాది."

గేటుకు ఆనుకున్నవాడు గేటు తీశాడు. గోపాలప్ప అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు, మిఠాయి పొట్లం ఒళ్ళో పెట్టుకుని. సుశీలకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

మునిస్వామి అతికిన తాడు తీసేసి కొత్తది కట్టాడు. కట్టి, ఆమెను పిలిచాడు. "మా ముడులు దొంగలకు కూడా వస్తాయి తల్లీ. అందరం ఒక రోడ్డు మీదోళ్ళమే. నీది రాదు. ఈ జాగాలోకి వచ్చే ప్రతి బండికీ వెనక మూలన ఒక దారం కట్టు, నీ ముడి ఎయ్యి, కొసలు కొయ్యి. పొద్దున అది అట్లే ఉంటే, చెయ్యి పడలేదని మేము నమ్ముతాం. అది మారిందనుకో..." అని గోపాలప్ప వైపు చూశాడు.

ఇరవై లారీలు అన్నది ముప్పై అయింది. రెండేళ్ళు తిరిగేసరికి గోపాలప్ప పక్క పొలం కూడా బాడుగకు తీసుకున్నాడు. చెయ్యి పెట్టకుండా ఉండేదే పని అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం లారీలు ఒక్కొక్కటిగా లోపలికి వస్తాయి. సుశీల దారపు ఉండ, చాకు పట్టుకుని వెనక మూలకు పోతుంది, ఎటో చూస్తూ ముడి వేస్తుంది. గోపాలప్ప ఇప్పుడూ హాయిగానే నిద్రపోతాడు, డ్రైవర్లూ నిద్రపోతారు. దానికే కదా వాళ్ళు డబ్బిచ్చేది.

పొద్దున డ్రైవరు లేచి, మొహం కడుక్కుని, వెనక మూలకు నడుస్తాడు. సుశీల గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. అతని చెయ్యి ముడి మీదికి పోతుంది. ముప్పై లారీలుంటే ముప్పైసార్లు ఆమె తన మొగుడి కుడిచెయ్యి వైపు చూస్తుంది. ఆఖరి డ్రైవరు "సరే అక్కా" అనేదాకా ఆ టీ ఆమె గొంతు దిగదు.